కారవాన్‌కి ఏ జనరేటర్? ముందు ఏసీ సంగతి తేల్చుకోండి

"ఎన్ని కేవీఏ తీసుకోమంటావన్నా?" అని ఫోన్ చేసేవాళ్లను నేను ముందు అడిగేది ఒకటే. రాత్రి ఏసీ వేసుకుని పడుకుంటారా, కిటికీలు తెరుచుకుని పడుకుంటారా? ఇది తేలితేనే కేవీఏ లెక్క, అంటే జనరేటర్ ఎంత లోడు లాగగలగాలన్న లెక్క. చాలామంది ఇది తేల్చుకోకుండా షాపుకి పోయి, అక్కడ చూపించిన పెద్ద బండ తెచ్చుకుంటారు. తర్వాత దాన్ని ఎక్కించలేక, దించలేక, ఆరు నెలలకోసారి కూడా స్టార్ట్ చేయక, మే నెలలో అవసరం పడిన రోజున తాడు లాగి లాగి భుజం పట్టుకుని కూర్చుంటారు. ఆ నొప్పి నేనూ పడ్డాను.

మాది నెల్లూరు. కారవాన్ పిచ్చి పట్టకముందు ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు చేశాను. గుంటల మీద జనరేటర్ అంటే ప్రాణం. రాత్రి రెండింటికి కరెంటు పోయి ఏరేటర్లు ఆగిపోతే, నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి పంటంతా పైకి తేలుతుంది. కాబట్టి జనరేటర్ నాకు కొత్తేమీ కాదు, టెంపో ట్రావెలర్‌లో పెట్టడం ఎంతసేపు అనుకున్నాను. అక్కడే తప్పాను. గుంట మీది ఇంజిన్ రోజు మార్చి రోజైనా నడుస్తుంది. కారవాన్‌లోది పది నెలలు పడుకుని రెండు నెలలు లేస్తుంది. ఆ రెండింటికీ చేయాల్సిన సేవ ఒకటి కాదు. ఏది కొనాలన్న దానికి ధర కంటే, కేవీఏ కంటే, "ఇది పడుకుని లేచేటప్పుడు నన్ను ఎంత ఏడిపిస్తుంది?" అన్నదే అసలు కొలత అని నాకు నాలుగు వేసవుల తర్వాత అర్థమైంది.

ముందు కాగితం, పెన్ను

ఏసీ లేకుండా లెక్క వేద్దాం. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్ ఒక్కోటి 30 వాట్లు తింటుంది. రెండు ఫ్యాన్లు రాత్రంతా తిరిగితే అర యూనిట్ పైన. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ మన ఎండల్లో రోజుకి ముప్పావు యూనిట్ దాకా లాగుతుంది. లైట్లు, నీళ్ల పంపు, ఫోన్లు, పిల్లల ల్యాప్‌టాప్ కలిపి ఇంకో అర యూనిట్. అన్నీ కూడితే రోజుకి రెండు యూనిట్ల లోపే. దీనికి జనరేటర్ అక్కర్లేదు. 12.8 వోల్టులు, 200 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒక్కటి పెట్టుకుంటే అందులోనే రెండున్నర యూనిట్లు ఉంటాయి.

ఇప్పుడు ఏసీ కలపండి. ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ మొదట్లో వెయ్యి వాట్ల దాకా లాగి, లోపల చల్లబడ్డాక సగానికి దిగుతుంది. అది ఇంట్లో. బండి రేకు పగలంతా కాలి ఉంటుంది. రోహిణి కార్తెలో మైపాడు దగ్గర రాత్రి పది దాటినా పైకప్పు మీద చెయ్యి పెట్టలేం. ఎనిమిది గంటలకి ఐదు యూనిట్లు అనుకోవాలి. పాతరకం ఫిక్స్‌డ్ స్పీడ్ ఏసీ అయితే కథ వేరు. నడిచేటప్పుడు 1200 వాట్లే అయినా కంప్రెసర్ అందుకునే క్షణంలో దానికి మూడింతలు అడుగుతుంది. రెండు కేవీఏ జనరేటర్ ఆ దెబ్బకి మూలిగి ఆగిపోతుంది. అందుకే ఏసీ ఇంకా కొనకపోతే ముందు ఇన్వర్టర్ ఏసీ కొనండి. ఏసీ మీద పెట్టే ఆ కొంచెం ఎక్కువ డబ్బు జనరేటర్ సైజు దగ్గర మిగులుతుంది.

ఇండక్షన్ స్టవ్, గీజర్ ఈ లెక్కలోకి రానివ్వకండి. రెండు వేల వాట్ల స్టవ్ ఒక్కటే చిన్న జనరేటర్‌ని మింగేస్తుంది. చేపల పులుసు గ్యాస్ మీదే చేసుకోండి, రుచి కూడా బాగుంటుంది. వేన్నీళ్లకి వేసవిలో మన ట్యాంకు నీళ్లే చాలు, కాలుతుంటాయి.

ఓపెన్ ఫ్రేమ్ పెట్రోల్ జనరేటర్: వద్దు

పెళ్లి పందిళ్ల దగ్గర, తిరనాళ్లలో చెరుకు రసం బండ్ల వెనక గుడగుడలాడేది ఇదే. చౌక, ఎక్కడైనా రిపేరు అవుతుంది. కానీ లోడు ఉన్నా లేకపోయినా నిమిషానికి 3000 చుట్లు తిరగాల్సిందే, లేకపోతే 50 హెర్ట్జ్ రాదు. ఫోన్ ఒక్కటి ఛార్జింగ్ పెట్టినా అదే హోరు, దాదాపు అదే పెట్రోలు. ఫ్రిజ్ ఆగి అందుకున్నప్పుడల్లా వోల్టేజీ ఊగుతుంది. మా బావ ఇలాంటిదే పెట్టి ఇన్వర్టర్ ఏసీ బోర్డు కాల్చుకున్నాడు. జనరేటర్‌లో మిగిలిన డబ్బు బోర్డుకి సరిపోలేదు. "చీప్‌గా వచ్చింది బావా" అన్నవాడే, ఇప్పుడు దాన్ని తోటలో బోరు దగ్గర లైట్లకి వాడుతున్నాడు. దాని స్థానం అదే.

పాతవాళ్లకి పెట్రోలుతో స్టార్ట్ చేసి కిరోసిన్ మీదకి తిప్పే చిన్న జనరేటర్లు గుర్తుంటాయి. కరెంటు కోతల రోజుల్లో ట్రంకురోడ్డు షాపుల ముందు వరసగా అవే. ఇప్పుడు కిరోసినే లేదు, వదిలేద్దాం.

చేత్తో మోసే ఇన్వర్టర్ జనరేటర్

పెట్టెలా మూసి ఉండి, పైన పట్టుకునే పిడి ఉండే రకం. రెండు కేవీఏ తరగతిలో మంచి కంపెనీది 21 కిలోల చుట్టూ ఉంటుంది, ట్యాంకు మూడున్నర లీటర్ల పైన. ఇంజిన్ తన ఇష్టమైన వేగంలో తిరుగుతుంది. వచ్చిన కరెంటును లోపలి ఎలక్ట్రానిక్స్ డీసీగా మార్చి, మళ్లీ శుభ్రమైన 50 హెర్ట్జ్ చేస్తుంది. లోడు తగ్గితే ఇంజిన్ కూడా నెమ్మదిస్తుంది. అందుకే శబ్దం తక్కువ, పెట్రోలు తక్కువ. పక్క బండిలోవాళ్లు తిట్టుకోకుండా నిద్రపోతారు.

పెట్రోలు తక్కువ అంటే చౌక అని కాదు. 1800 వాట్లు నిండుగా లాగితే ట్యాంకు మూడు గంటల చిల్లర వస్తుంది. పావు లోడు మీద ఎనిమిది గంటలు. అంటే లీటరుకి ఒకటి నుంచి ఒకటిన్నర యూనిట్లు. లీటరు వంద దాటిన రోజుల్లో యూనిట్ కరెంటు 65 నుంచి 100 రూపాయలు పడుతుందన్న మాట. రాత్రంతా ఏసీ వేస్తే ట్యాంకు తెల్లవారకముందే అయిపోవచ్చు. నాలుగింటికి చెమటలు పట్టి లేచి, చీకట్లో వేడి ఇంజిన్‌లో పెట్రోలు పోయడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. పడుకునే ముందే ఆపి, ఐదు పది నిమిషాలు చల్లారనిచ్చి, నింపి, మళ్లీ వేసుకోండి.

దీన్ని స్టార్ట్ చేయడంలో ఒక వరస ఉంది. సమంగా ఉన్న నేల చూడండి. ఆయిల్ మూత తీసి మట్టం చూడండి. అర లీటరు కూడా పట్టని ఆయిల్ అది, వంద మిల్లీలీటర్లు తగ్గినా తేడా తెలుస్తుంది. ట్యాంకు మూత మీది గాలి మర తెరవండి. ఇది మర్చిపోతే పావుగంట నడిచి ఊపిరాడనట్టు ఆగుతుంది. ఏ వైరూ తగిలించకండి. చోక్ లాగి, తాడును మెల్లగా లాగితే ఒకచోట బిగుసుకుంటుంది, అక్కడి నుంచి ఒక్క ఊపున లాగండి. అందుకున్నాక చోక్ మెల్లగా లోపలికి నెట్టి, రెండు మూడు నిమిషాలు ఖాళీగా తిరగనివ్వండి. తర్వాతే లోడు. ఏసీ వేసేముందు ఎకో స్విచ్ ఆపేయండి. ఎకోలో నెమ్మదిగా తిరిగే ఇంజిన్ ఒక్కసారిగా పడిన బరువును అందుకోలేక ట్రిప్ అవుతుంది. ఏసీ స్థిరపడ్డాక మళ్లీ ఎకో.

సమంగా ఉన్న నేల అని ఊరికే చెప్పలేదు. ఓసారి సోమశిల డ్యాం చూసి, కింద వాలుగా ఉన్నచోట బండి ఆపాం. జనరేటర్ దించి లాగితే ఒక్క తాడుకే అందుకుంది. రెండు క్షణాలకి ఆగింది. మళ్లీ లాగితే మళ్లీ అంతే. ప్లగ్ విప్పి తుడిచాను. ఫిల్టర్ విప్పాను. పెట్రోలు మార్చాను. చేతులు నల్లగా, మొహం ఎర్రగా. మా చిన్నది టార్చి పట్టుకుని నిలబడి, "నాన్నా, అది ఒక పక్కకి ఒరిగి ఉంది కదా" అంది. ఆయిల్ తగ్గితే ఇంజిన్‌ని ఆపేసే సెన్సర్ ఉంటుంది అందులో. వాలు మీద ఆయిల్ ఒక పక్కకి పోయి, సెన్సర్‌కి ఖాళీగా కనిపించింది. కింద రెండు రాళ్లు పెట్టి సమం చేశాం. తెల్లారేదాకా నడిచింది.

ఇక పాసిపోయిన పెట్రోలు. నా మొదటి వేసవి మొత్తం దీనికే పోయింది. సంక్రాంతికి వాడి, ట్యాంకులో రెండు లీటర్లు ఉంచి షెడ్డులో పెట్టాను. మేలో మైపాడు తీసుకుపోయి రాత్రి పదకొండింటికి ముప్పై సార్లు లాగాను. దగ్గు కూడా లేదు. మర్నాడు గుంటల దగ్గర నాకు పాత పరిచయమున్న మెకానిక్ వచ్చి, కార్బొరేటర్ కింది గిన్నె విప్పి నా ముక్కు దగ్గర పెట్టాడు. పెట్రోలు వాసన కాదు, పాత వార్నిష్ వాసన. అడుగున తేనెలా జిగురు. "సద్దన్నం రెండ్రోజులు పెడితే పాసిపోదా అన్నా? ఇదీ అంతే" అన్నాడు. సన్నటి రాగి తీగతో జెట్ పొడిచి, కొత్త పెట్రోలు పోసి, రెండో తాడుకి స్టార్ట్ చేసి చూపించాడు.

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది, మన కోస్తాలో తేమకి కొదవ లేదు. కాబట్టి నెల రోజులకి మించి వాడకపోతే ట్యాంకు ఖాళీ చేసి స్కూటర్లో పోసుకోండి. ఆపేటప్పుడు స్విచ్‌తో కాకుండా పెట్రోలు కాక్ మూసి, కార్బొరేటర్లో ఉన్నది ఆఖరి చుక్క దాకా కాలి ఇంజిన్ తనంతట తానే ఆగేలా చూడండి. ఈ ఒక్క అలవాటుతో నా తాడు కష్టాలు ముప్పాతిక వంతు పోయాయి.

ఆయిల్ మొదటిసారి 20 గంటలకే మార్చాలి, కొత్త ఇంజిన్‌లో అరిగిన లోహపు పొడి అందులో ఉంటుంది. తర్వాత 100 గంటలకోసారి, లేదా ఆరు నెలలకి, ఏది ముందైతే అది. గాలి ఫిల్టర్ 50 గంటలకి అని పుస్తకంలో ఉంటుంది. బీచ్ ఇసుకలో వాడితే అంత ఆగకండి, ప్రతి ట్రిప్పు తర్వాత విప్పి దులపండి.

బండిలోనే బిగించే డీజిల్ జనరేటర్

సినిమావాళ్ల కారవాన్లలో ఉండేది ఇది. మూడు నుంచి ఐదు కేవీఏ. ఐదు కేవీఏ అన్నా 0.8 పవర్ ఫ్యాక్టర్ లెక్కన చేతికి వచ్చేది నాలుగు వేల వాట్లే. బరువు వంద కిలోలు దాటుతుంది. కానీ లోపల కూర్చునే బటన్ నొక్కొచ్చు, డీజిల్ బండి ట్యాంకు నుంచే తీసుకుంటుంది, రెండు ఏసీలు లాగుతుంది. అద్దెకి తిప్పేవాళ్లకి, షూటింగులకి ఇచ్చేవాళ్లకి దీనికి సాటి లేదు. వానలో బయటికి దిగి తాడు లాగే బాధ లేదు. కార్తీకంలో అల్పపీడనం పట్టిన రాత్రి ఆ సుఖం విలువ తెలుస్తుంది.

స్టార్ట్ కాలేదంటే ముందు బండి డీజిల్ ముల్లు చూడండి. మంచి బిగింపులో జనరేటర్‌కి పోయే గొట్టాన్ని ట్యాంకు అడుగుదాకా దించరు, పావు ట్యాంకు దగ్గరే ఆపుతారు. రాత్రంతా జనరేటర్ తాగినా తెల్లారి బంకు దాకా పోవడానికి బండికి డీజిల్ మిగలాలని. ఇది తెలియక సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ దించేసుకున్నవాళ్లు ఉన్నారు. సెల్ఫ్ కూడా పది పదిహేను సెకన్లకి మించి పట్టకూడదు, ఒకటి రెండు నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. ఎక్కువ రోజులు నడపకపోతే డీజిల్ వెనక్కి జారిపోయి ఉంటుంది, ప్రైమ్ బటన్ ఉంటే ముందు అది కాసేపు నొక్కి పట్టుకోండి. ఒకసారి పూర్తిగా ఎండిపోయేదాకా నడిపారంటే లైన్లో గాలి చేరుతుంది. అది తీయాలంటే ఫిల్టర్ దగ్గర స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగి డీజిల్ ఒక్కటే వచ్చేదాకా పంపు కొట్టాలి. గుంటల మీద పనిచేసిన కుర్రాడెవరైనా ఐదు నిమిషాల్లో చేసేస్తాడు. ఈ విషయంలో మన జిల్లాలు అదృష్టం చేసుకున్నాయి. కావలి నుంచి కోట దాకా, అటు కొత్తపట్నం వైపు, రొయ్యల గుంటలున్న ప్రతి ఊరి సెంటర్లో డీజిల్ ఇంజిన్ తెలిసినవాడు ఒకడుంటాడు. ఇన్వర్టర్ జనరేటర్ బోర్డు పోతే మాత్రం వాళ్లూ చేతులెత్తేస్తారు, కంపెనీ సర్వీసుకి మోసుకుపోవాల్సిందే.

డీజిల్‌కి ఇంకో జబ్బు ఉంది: తక్కువ పని పెట్టడం. ఐదు కేవీఏ ఇంజిన్‌ని ఫ్యాన్లకి, ఫోన్లకి గంటలకొద్దీ నడిపితే లోపల సరిగా వేడెక్కదు. కాలని డీజిల్ సైలెన్సర్లో నల్ల జిడ్డుగా పేరుకుంటుంది. అందుకే నెలకోసారి రెండు గంటలు, కనీసం సగం లోడు మీద నడపాలి. ఉత్తినే స్టార్ట్ చేసి ఐదు నిమిషాలకి ఆపేయడం నడపకపోవడం కంటే పెద్ద మేలేమీ చేయదు. ఏసీ వేసి, పెద్ద లోడు ఏదైనా కలిపి నడపండి. ఆపేముందు లోడు తీసేసి మూడు నాలుగు నిమిషాలు చల్లారనివ్వండి.

శబ్దం సంగతి కూడా చూసుకోండి. డీజిల్ సెట్లకి నిబంధన ప్రకారం మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదు. కానీ నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఉండాల్సింది 45 డెసిబెల్సే. పెంచలకోన సత్రాల పక్కన రాత్రి ఒంటిగంటకి ఇది నడిపితే డెసిబెల్ మీటరు అక్కర్లేదు, పూజారిగారే వచ్చి చెబుతారు. ఇది బిగించడం అంటే బండి రూపు మార్చడమే, ఆర్టీవో అనుమతి కావాలి. మోటార్ కారవాన్లకి ఏఐఎస్ 124 అని ప్రమాణం ఉంది. బాడీ కట్టేవాళ్లు "మేం చూసుకుంటాం సార్" అన్నా, కాగితం చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. నేను ఇచ్చి ఏడు నెలలు తిరిగాను.

బ్యాటరీ, సోలార్

ఏసీ వద్దనుకున్నవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. తాడు లేదు, పొగ లేదు, వాసన లేదు. పైకప్పు మీద 550 వాట్ల ప్యానెళ్లు రెండు పడితే మన ఎండకి రోజుకి నాలుగు యూనిట్ల దాకా వస్తాయి. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ అనుకుంటారు కానీ ప్యానెల్ 65 డిగ్రీలకి కాగితే పదో వంతు పైనే నష్టపోతుంది. ప్యానెల్‌కి, రేకుకి మధ్య నాలుగు వేళ్ల సందు వదిలితే గాలి ఆడుతుంది, కింద క్యాబిన్‌కి నీడ కూడా. ఒక్కో ప్యానెల్ రెండుంపావు మీటర్ల పొడవు, పాతిక కిలోల పైన. ఏసీ యూనిట్ పైన పెట్టాక ఎంత చోటు మిగిలిందో టేపు పెట్టి కొలవకుండా ఆర్డర్ ఇవ్వకండి.

నడిచేటప్పుడు ఇంజిన్ నుంచి కూడా ఛార్జ్ చేయొచ్చు. 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ గంటకి సుమారు 0.4 యూనిట్ ఎక్కిస్తుంది. నెల్లూరు నుంచి ఒంగోలు పోయేసరికి ముప్పావు యూనిట్, అంటే ఒక రోజు ఫ్రిజ్ ఖర్చు. ఛార్జర్ లేకుండా లిథియం బ్యాటరీని నేరుగా ఆల్టర్నేటర్‌కి కలిపితే అది అడిగినంతా లాగి ఆల్టర్నేటర్‌ని కాల్చేస్తుంది.

ట్యూబులర్ బ్యాటరీ ఇంట్లో ఉంది కదా, అదే పెడతామంటారు కొందరు. 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ యాభై కిలోలు ఉంటుంది. సగానికి మించి దించితే ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి చేతికి వచ్చేది ఒక యూనిట్ లోపే. గతుకుల్లో యాసిడ్ చిమ్ముతుంది. భైరవకోన దారిలో ఒకసారి తీసుకుపోతే మీకే తెలుస్తుంది.

దీనికి సేవ లేదనుకోకండి. లిథియంకి చలి బాధ మన దగ్గర లేదు, వేడే శత్రువు. మూసిన పెట్టెలో, సైలెన్సర్ పక్కన పెడితే మధ్యాహ్నానికి లోపలి బీఎంఎస్, అంటే బ్యాటరీని కాపాడే సర్క్యూట్, భద్రత కోసం కట్ చేసేస్తుంది. సీటు కింద, గాలి తగిలేచోట పెట్టండి. నెలల తరబడి వాడకపోతే నిండుగా కాదు, సగం ఛార్జ్ మీద ఉంచండి. బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటులా మార్చే ఇన్వర్టర్ స్విచ్ ఆపడం మర్చిపోకండి. ఏ పనీ చేయకుండానే 20, 30 వాట్లు తింటూ ఉంటుంది, రోజుకి అర యూనిట్ అటూ ఇటూ. గతుకులకి టెర్మినల్ నట్లు వదులవుతాయి, ట్రిప్పుకోసారి స్పానర్ పెట్టి చూడండి.

ఏసీని రాత్రంతా దీనిమీదే లాగాలంటే 200 ఆంపియర్ అవర్ బ్యాటరీలు మూడు కావాలి. పగలు సోలార్ ఇచ్చే నాలుగు యూనిట్లు మళ్లీ వాటిని నింపలేవు. మొదటి రాత్రి రాజా, రెండో రాత్రి పేద.

ఇంజిన్ ఆన్‌లో పెట్టి బండి ఏసీలో పడుకోవడం ఎంపిక కాదు. గంటకి లీటరు డీజిల్, పైగా పొగ. గ్యాస్ జనరేటర్లు ఉన్నాయి, ఇంధనం పాసిపోదు, బాగానే ఉంటాయి. కానీ వంటింటి 14.2 కిలోల సిలిండర్ దీనికి వాడటం చట్టవిరుద్ధం, కమర్షియల్ సిలిండర్ మోసుకు తిరగాలి. చిన్న బండికి లాభం లేదు.

పొగ గురించి రెండు మాటలు కాదు, నాలుగు

2024 డిసెంబరులో కేరళలోని వడకర దగ్గర రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. ఏసీ కోసం నడిపిన జనరేటర్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరిందని దర్యాప్తులో తేలింది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పిగా ఉంది, ఎండ దెబ్బేమో అనుకుంటూ నిద్రలోకి జారిపోతారు.

చేత్తో మోసేదాన్ని కనీసం ఇరవై అడుగుల దూరంలో, సైలెన్సర్ బండికి అవతలి దిక్కుకు తిప్పి పెట్టాలి. కానీ మైపాడు, కొత్తపట్నం లాంటి చోట గాలితో ఒక చిక్కుంది. సాయంత్రం సముద్రం మీంచి ఒడ్డుకి వీస్తుంది. జనరేటర్ పడమట పెడితే పొగ ఊరివైపు పోతుంది, బాగుంది అనుకుని పడుకుంటాం. అర్ధరాత్రి దాటాక నేల చల్లబడి గాలి తిరగబడుతుంది. అదే పొగ ఇప్పుడు మన కిటికీలోకి. అందుకే నేను ఉత్తరానో దక్షిణానో పక్కకి పెడతాను, ఆ వైపు కిటికీలు మూస్తాను. తలుపు ముందు పందిరి గుడ్డ కింద ఎప్పుడూ పెట్టను. వాన వస్తే పైన రేకు అడ్డం పెట్టండి గానీ చుట్టూ పట్టా కప్పొద్దు. బిగించిన డీజిల్ అయితే ఏడాదికోసారి బండి కిందికి దూరి సైలెన్సర్ జాయింట్లు, నేలలో వైర్ల కోసం కొట్టిన రంధ్రాలు చూడండి, ప్రతిదీ సీలెంట్‌తో మూసి ఉండాలి. ఏ రకం కొన్నా కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి మంచం తలవైపు పెట్టండి. కర్టెన్ల మీద పెట్టే ఖర్చులో పదోవంతు కూడా కాదు.

బయటి కరెంటు, జనరేటర్ రెండూ ఉన్న బండికి, ఒకసారికి ఒకదాన్నే కలిపే చేంజోవర్ స్విచ్ తప్పనిసరి. రెండు వైపులా పిన్నులున్న వైరుతో ప్లగ్గులో గుచ్చి బండంతటికీ కరెంటు ఎక్కించే తెలివి మన దగ్గర బాగా ఉంది. ఊడిన పిన్ను చేతికి తగిలితే ప్రాణం పోతుంది.

ఉప్పుగాలి

ఇది ఏ మాన్యువల్లోనూ సరిగా రాయరు. బీచ్‌లో మూడు రాత్రులుంటే సాకెట్ల ఇత్తడి మీద పచ్చటి పొడి, సైలెన్సర్ బోల్టుల మీద తుప్పు, ఇంజిన్ రెక్కల మీద తెల్లటి పొర. ఇంటికి రాగానే చల్లారిన ఇంజిన్‌ని మంచినీళ్లలో పిండిన గుడ్డతో తుడవండి, పైపు పెట్టి కొట్టకండి. సాకెట్లలో కాంటాక్ట్ స్ప్రే కొట్టండి. తాడుని బయటికి లాగి ఇసుక తుడిచి మెల్లగా లోపలికి వదలండి. బీచ్‌లో నేను నేరుగా ఇసుక మీద పెట్టను, పాత రబ్బరు డోర్‌మ్యాట్ పరిచి దానిమీద చెక్క, దానిమీద జనరేటర్. ఉదయగిరి, భైరవకోన వైపు ఉప్పు బాధ లేదు, ఎర్ర దుమ్మే.

మరి ఎవరికి ఏది

ఏడాదికి పది పదిహేను రాత్రులు తిరిగే కుటుంబానికి నా ఓటు: ఒక లిథియం బ్యాటరీ, ఒకటి రెండు ప్యానెళ్లు, వాటికి తోడు రెండు కేవీఏ ఇన్వర్టర్ జనరేటర్. జనరేటర్ ఏసీ రాత్రులకి మాత్రమే. మిగతా రోజుల్లో దించనే దించకండి. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యే తిరుగుతాం, నేలపట్టు పక్షులు, ఉదయగిరి కోట చాలు అనేవాళ్లు జనరేటర్ కొనకండి, ఆ డబ్బుతో రెండో బ్యాటరీ వేసుకోండి. అవసరమైన వేసవి రాత్రికి తెలిసినవాళ్ల తోటలో ఆపి కరెంటు అడుక్కోవచ్చు. 16 ఆంపియర్ల సాకెట్ ఒక్కటి మూడున్నర వేల వాట్లు ఇస్తుంది. పల్లెల్లో వోల్టేజీ పడిపోతుంది కాబట్టి ఏసీ వేసేముందు మీటరు చూసుకోండి. అద్దెకి తిప్పేవాళ్లు డీజిల్ తప్ప వేరే ఆలోచించొద్దు. అతిథి చేత తాడు లాగించలేం కదా.

నడుము నొప్పి ఉన్నవాళ్లు 21 కిలోలు అన్న అంకెని షాపులో చదివి వదిలేయకండి. ఎత్తి, పది అడుగులు నడిచి, మోకాలి ఎత్తు మెట్టు మీద పెట్టి చూడండి. ఇంట్లోవాళ్ల చేత కూడా ఒకసారి తాడు లాగించండి. మీకు జ్వరం వచ్చిన రాత్రి స్టార్ట్ చేయాల్సింది వాళ్లే.

సెకండ్ హ్యాండ్‌ది చూస్తుంటే గంటల మీటరు చూడండి, ఆయిల్ మూత తీసి రంగు చూడండి, పాల టీ రంగులో ఉంటే లోపల నీళ్లు చేరినట్టు. డీజిల్‌ది అయితే సైలెన్సర్ చివర వేలు పెట్టి చూడండి. పొడి మసి పర్వాలేదు, తడి జిడ్డు అంటుకుంటే వదిలేయండి. ఆపైన అసలు పరీక్ష: స్టార్ట్ చేయకముందే ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలిందంటే మీరు వచ్చేముందే ఒకసారి స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. ఏమీ అనకండి. "ఇంట్లో అడిగి చెబుతానన్నా" అని వచ్చేసి, మర్నాడు పొద్దున్నే ఫోన్ చేయకుండా వెళ్లండి.